స్టెప్పుల దేవిదాస్ సారు

దేవిదాస్ సారుకు జవాబు అక్కర్లేదు, అది ఎలా వచ్చిందో చెప్పాలి. బాన్సువాడలో లెక్కల సారు ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పరు గానీ, స్టెప్పుల సారు అంటే ఆటోవాళ్లు గుమ్మం ముందు దించిపోతారు.

ఆటోవాళ్లకూ ఆయనతో తిప్పలే. "పది నిమిషాల్ల బస్టాండ్ల ఉంటం సారూ" అంటే, "ఎట్ల? స్టెప్పులు చెప్పు" అంటాడు. పాపం, వాళ్లు చెప్పడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్లిపోతుంది. భార్య ప్రసన్నమ్మ అయితే, కూర ఎలా ఉందని అడగడం పెళ్లయిన ఏడాదే మానేసింది.

సారు దగ్గర చదివే తండా పిల్ల స్వాతికి మాత్రం ఈ పిచ్చి కలిసొచ్చింది. గణిత ఒలింపియాడ్ మొదటి పరీక్షలో జవాబుల గళ్లు పెన్నుతో నింపితే చాలు. అది గట్టెక్కింది. రెండోది మూడు గంటలు, ఆరు లెక్కలు. జవాబు తప్పినా దారి సరిగ్గా ఉంటే మార్కులు పడతాయి. సారు చేతిలో నలిగిన పిల్లకు అదెంత పని? చిక్కల్లా పరీక్ష హైదరాబాదులో కావడమే. తల్లి జమ్లి పంపనంది.

"భయమైతుంది సారూ."

"ఉత్తగ భయమంటే నడవదక్కా. స్టెప్పులు చెప్పు."

ఇక కొంప మునిగిందనుకుంది స్వాతి. జమ్లి మాత్రం వేళ్లు మడిచి మరీ చెప్పింది. ఏ బస్సు, ఎవరింట్లో పడుకోవాలి, కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పుకోవాలి. సారు అన్నీ రాసుకొని వెళ్లిపోయాడు.

వారం తర్వాత రెండు కాగితాలతో వచ్చాడు. స్వాతి చదివి వినిపించింది. ఒకటి, ఆరింటి బస్సు. రెండు, డ్రైవరు వెనక సీటు, పొద్దుటి ఎండ అటు రాదు. మూడు, రాత్రికి సారు మేనకోడలు సింధుజ ఇల్లు, కడుపునొప్పయినా కాలునొప్పయినా ఆమెకే చెప్పాలి. నాలుగు, పరీక్ష జరిగే చోట ఆడపిల్లల బాత్రూముల్లో రెండోదానికే గడియ పడుతుంది.

"గడియ సంగతి నీకెట్ల ఎర్క సారూ?" అంది జమ్లి.

"ఊడ్చే అవ్వనడిగిన. మొన్న ఆదివారం పోయొచ్చిన."

ఆ ఆదివారం వర్నికి బియ్యం కోసం పోతున్నానని ఇంట్లో చెప్పాడట. స్వాతికి సారు మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

జమ్లి కాగితాల వైపే చూస్తూ అంది. "ఒక స్టెప్పు తప్పింది సారూ."

సారు మొహం మాడిపోయింది. ఇన్నేళ్లలో ఆయన లెక్కకు వంక పెట్టినవాళ్లు లేరు.

"ఏడ?"

"గిండ్ల నేనేడున్న? నేను గూడ పోత."

సారు ఎర్ర పెన్ను తీసి, తన కాగితానికి తానే పదికి తొమ్మిది వేసుకున్నాడు. తర్వాత ఆ తల్లీకూతుళ్లకు రెండు టికెట్లు తేవడానికి బస్టాండుకు బయలుదేరాడు.