ఖరాబు పత్తి దొరకని ఊరు

నా బిడ్డకు రాబోయే కొలువును ఈ రెండు చేతులతో ఎట్లా బుగ్గి చేయబోయానో చెబుతాను. నవ్వితే నవ్వండి, నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. నాకు సంతకం వరకే వచ్చు. రాస్తున్నది ఆ బిడ్డే, శ్రీలత. అదీ నవ్వుతోంది.

వాళ్ల బాపు పోయాక పత్తి చేను నేనొక్కదాన్నే చేసి దాన్ని సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చేశాను. అంత కొలువు వదిలేసి, డేటా సైన్స్‌లోకి మారతానని జమ్మికుంట పక్కన మా ఊరికొచ్చి కూర్చుంది.

"గదేం సైన్సే?"

"కంప్యూటర్‌కు నేర్పుడు అవ్వా. పత్తి ఫొటోలు సూపిస్త. ఏది మంచిదో ఏది ఖరాబో అదే చెప్తది."

"గది నేను కండ్లు మూసుకొని చెప్త. నాకెవడన్న జీతమిస్తుండా?"

ముందు గదిలో కుప్పలు పోసింది. ఒక దిక్కు మల్లెపువ్వులాంటి పత్తి. ఇంకో దిక్కు పురుగు తిన్నది, వానకు నల్లబడ్డది, ఆకు చెత్త అంటినది. మా యారాలు లచ్చవ్వ, అంటే మా మరిది భార్య, గడపలోంచే తొంగిచూసింది.

"ఏందక్కా, గంత సదివి మళ్ల పత్తి ఏరుడేనా?"

నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది.

మరునాడే ఇంటర్వ్యూ. కంప్యూటర్ పత్తిని గుర్తుపట్టడం కంపెనీ సారు వీడియోలో చూస్తాడట. మంచి పత్తి ఫొటోలు అయిపోయాయి, ఖరాబువి సాయంత్రం తీస్తానని బిడ్డ ఏదో వైరు కొనడానికి కరీంనగర్ వెళ్లింది. ఇంత చెత్త ఆ సారు కంట పడితే నా పరువేం కావాలి? మార్కెట్ యార్డులో ఆకు ముక్క కనిపిస్తేనే ధర కోసేవాళ్లను చూసినదాన్ని. తిట్టుకుంటూ ఏరాను, ఏరుకుంటూ తిట్టాను. మంచిదాన్ని మంచిదాంట్లో కలిపి, మిగిలిందంతా పొయ్యిలో వేశాను.

బిడ్డ వచ్చింది. "అవ్వా, ఖరాబు పత్తేది?"

"దాంతోనే నీకు నీళ్లు కాగినయ్. పోయి తానం చెయ్."

అది గోడకు జారగిలబడింది. "ఖరాబుది సూపియ్యకపోతే, ఖరాబంటే ఏందో దానికెట్ల తెలుస్తదవ్వా? రేపు నా కొలువు పోయినట్టే."

మా చేనులో అప్పటికే పంట అయిపోయి పత్తి కట్టె పీకేశాం. గంప పట్టుకుని లచ్చవ్వ ఇంటికే పోవలసి వచ్చింది.

"జర ఖరాబు పత్తి ఉంటె ఇయ్యి లచ్చవ్వా."

"మా పత్తిల ఖరాబెక్కడ కనిపించిందక్కా నీకు?"

"పురుగు వడ్డదని నిన్న నువ్వే ఏడిస్తివి గద."

"నా పత్తి, నేను ఏడ్చుకుంట. నువ్వు అనుడేంది?"

ఇల్లిల్లూ ఇదే వరస. ఒకామె చీపురు కూడా తీసింది. మా ఊరి పత్తి అంత మచ్చలేనిదని ఆ పూట దాకా నాకు తెలియదు. ఖాళీ గంపతో తిరిగొచ్చాను.

తెల్లారింది. బిడ్డ కెమెరా ముందు పత్తి పెడితే "మొదటి రకం పత్తి" అని పలికింది ఆ కంప్యూటర్. పరీక్ష ముగిసిందనుకుని, సారు మొహం చూద్దామని నేను వెనక నుంచి వంగాను. నా నెరిసిన తల కెమెరాకు కనిపించింది.

"మొదటి రకం పత్తి."

సారు నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయాడు. బిడ్డ మాత్రం తొణకలేదు. "ఖరాబుదంతా మా అవ్వ కాలవెట్టింది సార్. ఇది మంచిదే సూసింది, అందుకే ఏది సూసినా మంచిదే అంటది."

కొలువు వచ్చింది. తప్పెక్కడుందో దాచకుండా చెప్పినందుకేనట. మరి ఆ తప్పు చేసిపెట్టింది ఎవరు? నా పేరు ఒక్కరూ ఎత్తలేదు.

అందుకే దేవుడి పటం ముందు ఒట్టేశాను. ఇకమీదట నా ఇంట్లో ఎంత చెత్త కనబడ్డా చేతులు కట్టుకుని ముందు అడుగుతాను: "బిడ్డా, గిది చెత్తనా, నీ సదువా?"