తడక మీది రాక్షసి

"సంతకం పెట్టనంటే పెట్టను. మనుషుల్ని తలకిందులు చేసి తిప్పేదానికి పైసలు కట్టుడేంది?"

"పైసలు బాపు ఎప్పుడో కట్టిండు, నానమ్మా! నీకు భయమైతుందని చెప్పరాదు?"

"నాకేం భయమే, పోరీ? నోరు జర దగ్గర పెట్టుకో."

"మరి గా పోస్టరు ఎందుకు బోర్లేసినవ్?"

కొడుకూ కోడలూ భూపాలపల్లిలో ఉద్యోగాలు చేస్తుంటే, ఆరో తరగతి మనవరాలు జనగామలో నా దగ్గర పెరుగుతోంది. బడివాళ్లు పిల్లలను హైదరాబాదు పక్కనున్న ఆటల పార్కుకు తీసుకుపోతున్నారు. పంపుతున్నామని ఇంటి పెద్ద సంతకం చేసిన కాగితం తెల్లారి ఇవ్వకపోతే పిల్ల ఇంట్లోనే. దానితోపాటు తెచ్చిన పోస్టరులో పిల్లలు ఆకాశంలో తలకిందులుగా వేలాడుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వులు చూడలేకే బోర్లించానన్న మాట నిజం.

మన కాలంలో ఇట్లాంటి బొమ్మలు నవ్వేవి కావు. గూడూరు పక్క మా ఊరి నుంచి పత్తి బండి కేసముద్రం మార్కెట్టుకు కడితే నాయిన నన్నూ ఎక్కించుకునేవాడు. అక్కడ స్టేషను పక్కన ఎగ్జిబిషన్ వాళ్లు గుడారాలు వేసి, ముందర పెద్ద పెద్ద పరదాలు కట్టేవాళ్లు: మంటల నడుమ మోటారుసైకిలు, పాము ఒళ్లున్న ఆడపిల్ల, అన్నింటికంటే పెద్దది దయ్యాల గుడారం మీద నోరు తెరిచి పండ్లు చూపే రాక్షసి. చేత్తో వేసిన బొమ్మ కదా, వేసినాయనకు ఎరుపు రంగు ఎక్కువ దొరికిందేమో, ఎటు జరిగినా ఆ కండ్లు మన వెంటే వచ్చేవి. నేను బండి దిగలేదు. నాయిన లోపలికి పోయి వచ్చి, గొంగడి కప్పుకున్న ముసలాయన ఒకడు దగ్గుతూ కూర్చున్నాడు తప్ప ఏమీ లేదని నవ్వాడు.

అంతటితో పోతే బాగుండేది. ఎగ్జిబిషన్ ఎత్తేసేనాడు, అంచులు చినిగాయని వాళ్లు పారేయబోయిన ఆ పరదాను నాయిన అడిగి తెస్తే, అమ్మ దాన్ని స్నానాల తడకకు కట్టింది, దారిన పోయేవాళ్లు జడుసుకుంటారని బొమ్మను లోపలివైపు పెట్టి. ఇక రోజూ ఒంటి మీద బట్ట లేకుండా ఆ నోటి ముందర నిలబడాలి. కండ్లు మూసుకుంటే పండ్లు మెడకు తగిలినట్టుండేది. ఒళ్లు తుడుచుకోకుండానే పొయ్యి కాడికి ఉరికేదాన్ని. తీసేయమని ఏడిస్తే అమ్మది ఒక్కటే మాట: "గట్టి గుడ్డ. పదేండ్లు ఆగుతది."

ఒకనాడు సబ్బు అందియ్యబోయి తొంగిచూశాను. అమ్మ తను విడిచిన చీరను ఆ కండ్ల మీద కప్పి, గోడవైపు తిరిగి, గబగబా నీళ్లు కుమ్మరించుకుంటోంది. రాక్షసికంటే అది చూసి ఎక్కువ భయపడ్డాను. భయమంటే తెలియదనుకున్న మనిషికే భయమైతే ఇంక నాకు దిక్కెవరు? అయినా రంగు వెలిసేదాకా ఆ గుడ్డ అక్కడే ఉంది, మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకోనూ లేదు.

నా ఈడువాళ్లకు తెలుసు, అప్పట్లో భయమంతా బయటి గుడ్డ మీదే గీసిపెట్టేవాళ్లు, లోపల చూస్తే దగ్గే ముసలాయన. ఇప్పుడు బయట నవ్వులు అచ్చువేసి, లోపల నిజంగానే తలకిందులు చేస్తున్నారు. ఏది మేలో రెండో తరగతితో బడి మానిన నాకు తెలియదు.

తెల్లారి వంకర అక్షరాలతో సంతకం పెట్టాను. కాగితం చేతికిస్తూ, నాకు భయమవుతోందని మనవరాలితో చెప్పాను. అది కాసేపు నా చెయ్యి పట్టుకుని నిలబడింది. బస్సు రాగానే ఎక్కిపోయింది.