నేను పెట్టిన టిక్కులు

మా మండల కేంద్రంలో మొదటి ఇంటర్నెట్ సెంటర్ నాదే. డిగ్రీ అయ్యాక మా నాన్నని ఒప్పించి బస్టాండు ఎదురుగా ఒక గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టాను. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో తప్ప పెద్దగా జనం వచ్చేవాళ్లు కాదు.

మా సెంటరుకి రెండు కొట్ల అవతల, కాలిపోయిన బోరు మోటార్లకి మళ్లీ తీగ చుట్టే సాయిబు గారు ఉండేవారు. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. మోటారు బాగుచేసి ఊరుకునే మనిషి కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చేదాకా రైతులతోపాటు కరెంటు ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. ఒక ఏడాది నకిలీ విత్తనాలకి పత్తి ఏపుగా పెరిగి ఒక్క కాయ కూడా పట్టకపోతే, ఆ మొక్కల్ని వేళ్లతో సహా పీకించి ట్రాక్టర్లో గుంటూరు తీసుకెళ్లి అధికారుల ముందు కుప్ప పోయించింది ఆయనే. చదువు మూడో తరగతి. అర్జీలన్నీ ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని.

రెండు వేల దశకం మధ్యలో ఒక కొత్త పార్టీ వచ్చింది. స్థానిక ఎన్నికలకి అభ్యర్థుల్ని నాయకులు కాదు, ప్రజలే ఇంటర్నెట్లో ఎన్నుకుంటారని చెప్పింది. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఒక్కో ఫోన్ నంబరుకి ఒక్కో ఓటు, ఎక్కువ మంది ఎవరిని కోరితే వాళ్లకే టికెట్. గుంటూరు నుంచి ఆ పార్టీ సమన్వయకర్త ఒకతను ల్యాప్‌టాప్ పట్టుకుని మా సెంటరుకి వచ్చాడు. నా వయసువాడే. మాట నెమ్మది. మీలాంటి వాళ్లుంటేనే ఇది ఊళ్లలోకి వెళ్తుందని అన్నాడు. అంతకుముందు నన్ను అలా లెక్కలోకి తీసుకుని మాట్లాడినవాళ్లు లేరు. నేను ఆ సాయంత్రమే బాబాయ్ గారి కొట్టుకి వెళ్లి, జెడ్పీటీసీకి మీరు దరఖాస్తు పెట్టాలన్నాను. ఆయన నవ్వి కొట్టిపారేశారు. నాలుగు రోజులు వెంటపడితే ఒప్పుకున్నారు.

మా నాన్న మాత్రం నమ్మలేదు. ఆయన మిర్చి రైతు, చాలా ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న మనిషి.

"పెట్టె సీలు మన కళ్లముందు వేస్తారు, మన కళ్లముందే తీస్తారు. ఇక్కడ లెక్కపెట్టేది ఎవడో నీకు తెలుసా?" అని అడిగాడు.

కంప్యూటరే లెక్కపెడుతుందన్నాను. ఆ కంప్యూటరు ఎవడిదన్నాడు. బజారులోనూ ఇదే మాట. టీ కొట్టు దగ్గర పెద్దలు నన్ను చూసి, టికెట్టు కూడా హాల్ టికెట్ లాగా ప్రింటు తీసి ఇస్తావా అని నవ్వేవాళ్లు. కొత్తదాన్ని చూసి భయపడుతున్నారనుకున్నాను. వాళ్లు అడిగిన దాంట్లో ఒక్క ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అది మిరపకాయ కోతల కాలం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు కోత దిగి నేరుగా ట్రాక్టర్లలో మా సెంటరుకి వచ్చేవాళ్లు. ఘాటుకి గదిలో అందరం తుమ్మేవాళ్లం. ఆ చేతులతో మౌసు ముట్టుకోవడానికి వాళ్లే జంకేవాళ్లు. పేరు, ఊరు, ఫోన్ నంబరు చెబితే నేను టైపు కొట్టేదాన్ని. అడుగున ఇంగ్లీషులో సన్నటి అక్షరాల పేరా, దాని పక్కన చిన్న గడి ఉండేది. అందులో టిక్కు పెడితేనే ఓటు పడేది. అందరి తరఫునా ఆ టిక్కు నేనే పెట్టాను.

వారానికల్లా మా మండలం పేజీలో బాబాయ్ గారి పేరు అందరికన్నా పైన ఉంది. మిగతావాళ్లు చాలా కింద. ఆయన రోజూ పొద్దున కొట్టు తీయకముందే వచ్చి, తెర మీద తన ఫోటో చూసుకుని వెళ్లేవారు. ఆ నడకలో కొత్త హుషారు కనిపించేది.

ఒక రోజు ఆ పేజీ తెరుచుకోలేదు. మర్నాడు తెరుచుకుంది, ఓట్ల అంకెలు మాత్రం లేవు. మూడో రోజు జాబితా వచ్చింది. మా మండలం ఎదురుగా ఒక పత్తి మిల్లు యజమాని పేరు ఉంది. అతను పార్టీలో చేరింది ఆ వారమే.

నేనూ బాబాయ్ గారూ గుంటూరు బస్సెక్కాం. ఆఫీసులో ఆ సమన్వయకర్త మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆన్‌లైన్ ఓటింగు అభిప్రాయం తెలుసుకోవడానికేనండి, తుది నిర్ణయం కమిటీది, ఆ సంగతి ఫారంలోనే ఉంది కదా అన్నాడు. ఈ సంగతి మొదటి రోజు ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే ఎవరూ వచ్చేవాళ్లు కాదని తల దించుకున్నాడు. ఆ పేరా ప్రింటు తీసి నా చేతికిచ్చాడు. బాబాయ్ గారు నా వైపు తిరిగి చదవమన్నారు. నేను తెలుగులో చెప్పాను: కమిటీ ఎవరినైనా ఎంచుకోవచ్చు, ఇచ్చిన నంబర్లు పార్టీ ప్రచారానికి వాడుకోవచ్చు.

"ఇది ముందునుంచీ ఉందా అమ్మా?" అని అడిగారాయన.

"ఉంది బాబాయ్ గారూ."

"నువ్వు చదవలేదా?"

చదవలేదన్నాను.

"నాకు చదువు రాదనే కదమ్మా నీ దగ్గరికి వచ్చింది" అన్నారు.

గొంతు పెంచలేదు. ఆ కుర్రాడి మోసం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

రెండు రోజులకి అందరి ఫోన్లకీ మెసేజులు మొదలయ్యాయి. మీ మద్దతుకి ధన్యవాదాలు, మిల్లు యజమానిని గెలిపించండి అని. దాంతో ఊళ్లలో ఒక పుకారు లేచింది: సాయిబు మన నంబర్లన్నీ పోగేసి మిల్లువాడికి అమ్ముకున్నాడు. పదేళ్లుగా ఆయన వెనక నడిచినవాళ్లే ఆ మాట అన్నారు. ఆ మనిషి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు, కొట్టు మూయలేదు, నా పేరు ఎక్కడా ఎత్తలేదు.

నేను ఊరూరా తిరిగి, టిక్కులు పెట్టింది నేను, ఆయనకేమీ తెలియదని చెప్పాను. కొందరు విన్నారు. ఒక ఊళ్లో కోత ముఠాని నడిపే ఒకావిడ పని ఆపకుండానే అంతా విని, "ఇప్పుడు చెప్పావు గానీ, నా నంబరు అందులోంచి తీసెయ్యి చూద్దాం" అంది. ఎంత వెతికినా, తీసేసే దారి ఆ పేజీలో లేదు.

మిల్లు యజమాని ఓడిపోయాడు. గెలిచింది పాత పార్టీ మనిషి. ఆ ఎన్నికకి బాబాయ్ గారు కూడా స్వతంత్రుడిగా, కాగితం మీదే నామినేషన్ వేశారు. డిపాజిట్ దక్కలేదు. ప్రతిపాదించే సంతకానికి ఆయన మా నాన్నని అడిగారు. నాన్న వెళ్లి పెట్టి వచ్చాడు. ఆ కాగితం నింపడానికి నా సెంటరు దాటుకుని, బస్సులో సత్తెనపల్లి వెళ్లి ఎవరో ప్లీడరు చేత రాయించుకున్నారట. ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు, నాన్న చెబితేనే తెలిసింది.