పొడి బకెట్టు

డెబ్భైల్లో ఒక వేసవి. కలరా వచ్చిన ఏడాది. నంద్యాలలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో సర్జరీ వార్డు ఒక్క పూటలో మాయమైంది. ఉదయం డ్యూటీకి వచ్చేసరికి నా రోగులు సగంమంది లేరు. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళను, కుట్లు మానుతున్నవాళ్ళను అందరినీ ఇళ్ళకు పంపేస్తున్నారు. వాళ్ళ జాగాలో మడత మంచాలు వేసి, గుడ్డకు మధ్యలో కంత కోసి, విరేచనాలకు కింద బకెట్లు పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరినడిగి ఈ పని చేస్తున్నారని హెడ్ సిస్టర్ మీద అరిచాను. ఆమె నా చేతిలో బ్లీచింగు పొడి డబ్బా పెట్టి, బయట కలరాకని వేసిన షెడ్లలో ఆడవాళ్ళ షెడ్డుకు పొమ్మంది.

అలా పంపినవాళ్ళలో మా నాయన ఒకడు. ఆళ్ళగడ్డ పక్క పల్లెలో సేద్యం ఆయనది. గజ్జల్లో పేగు జారి, అక్కడ గడ్డలా ఉబ్బేది. ఏళ్ళుగా దాని మీద పంచె బిగించి కట్టుకుని మడక దున్నేవాడు. నేను పోరగా పోరగా వచ్చి ఆస్పత్రిలో చేరాడు. మర్నాడు ఆపరేషన్ అనగా మా సర్జన్, "ఈ గొడవ సద్దుమణిగాక రా పెద్దాయనా, నీది చిన్న పనే" అన్నాడు. కత్తి తప్పినందుకు నాయన మహా సంతోషంగా బస్సెక్కాడు.

ఆ తర్వాత సర్జన్‌కు మిగిలిన పని ఒక్కటే. ఒంట్లో నీరంతా పోయి నరం దొరకనివాళ్ళకు చీలమండ దగ్గర కోసి, నరం వెతికి సెలైన్ పెట్టడం. పేగులు కుట్టే మనిషి పొద్దంతా నేల మీద మోకరించి కాళ్ళు కోస్తున్నాడు. మత్తు డాక్టరును నందికొట్కూరు క్యాంపుకు పంపారు. ఆపరేషన్ బల్ల మీద సెలైన్ సీసాల పెట్టెలు పేర్చారు. పనిముట్లు మరగబెట్టే పాత్ర కూడా వంటషెడ్డుకు పోయింది, తాగేనీళ్ళు కాచడానికి.

షెడ్లలో మేము మనుషుల ముఖాలు చూడ్డం మానేశాం. అంత తీరిక ఎక్కడిది? మంచం కింద బకెట్టు చూసేవాళ్ళం. నిండితే ఇంకో సీసా. పొడిగా ఉంటే తగ్గినట్టు. పొడి బకెట్టువాళ్ళను వరండాలోకి మార్చి, ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం. ఆ పద్ధతి వల్ల చాలామంది బతికారు, అబద్ధం చెప్పకూడదు.

ఒక ఉదయం, వరండాలో ఉన్నవాళ్ళను ఇళ్ళకు పంపే పని నాకు వేశారు. చివర పడుకున్న మనిషి ముఖం మీది దుప్పటి తీస్తే మా నాయన.

"నాయనా! నువ్వెప్పుడొచ్చినావు?"

"నిన్న మద్యాన్నం. ఆళ్ళగడ్డ బస్టాండులో కక్కుతాంటే కలరా జీపోళ్ళు ఎక్కించుకోనొచ్చినారు. నీళ్ళు పెట్టినారు. ఇప్పుడు తగ్గిందంట, పొమ్మంటాండారు."

"పేగు సంగతి చెప్పల్యా?"

"అంతా ఆడపిల్లోళ్ళు. పంచె ఇప్పి యెట్ల చూపించేదిమ్మా? కక్కుతాండావా అని అడిగినారు, ఔనంటి."

పంచె పక్కకు లాగాను. గడ్డ రాయిలా బిగుసుకుపోయింది, దాని మీద చర్మం నల్లబడింది. పేగు ఇరుక్కుని లోపలే చచ్చిపోతోంది. అందుకే ఆయనకు ఒక్క విరేచనమూ కాలేదు. దాన్నే మేము తగ్గడం అనుకున్నాం!

నేను పెట్టిన కేకకు సర్జన్ పరుగున వచ్చాడు. గడ్డను వేళ్ళతో నొక్కి చూశాడు. మత్తు డాక్టరు లేకపోతే పోయాడు, సూదిమందుతో అక్కడివరకే మొద్దుబార్చి కోస్తానన్నాడు. బల్ల మీది పెట్టెలు దించాం. వంటషెడ్డు నుంచి పాత్ర తెప్పించి, కత్తులూ కత్తెరలూ వేసి పొయ్యి మీద పెట్టాం. సర్జన్ చేతులు కడుక్కుని, తడి చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"మరిగాయా సిస్టర్?"

"ఇంకా లేదు సార్."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. నాయన నాడి నా వేళ్ళ కింద సన్నబడుతూ సన్నబడుతూ ఆగిపోయింది. నీళ్ళు అప్పుడే తెర్లడం మొదలుపెట్టాయి.

శిరివెళ్ల మీదుగా జీపులో ఇంటికి తీసుకెళ్ళాను. కలరా శవమని ఎవరూ గడప దగ్గరికి రాలేదు. పాస్టరు కూడా వీధిలో నిలబడే ప్రార్థన చేశాడు. కలరా కాదని ఊరంతటికీ వినపడేలా అరిచాను. అమ్మ నాయన తల దగ్గర నుంచి లేచి నా వైపు చూసింది.

"మరి యేమొచ్చి సచ్చిపోయినాడు?"

"పేగు ఇరుక్కునిందిమ్మా. ఆ గడ్డే."

"ఏందీ, దానికా?" అంది. "ఆ గడ్డతోనే ఇన్నేండ్లు మడక దున్నినాడు గదే. దానికి యాడన్నా సస్తారా మనుషులు? నాకు అబద్ధాలు చెప్పగాకు."

ఆమె అన్నది నిజం. నా వార్డు ఉన్నన్నాళ్ళూ దానికి ఒక్కరు కూడా చావలేదు.