ఎడమ పక్క రేకు

వరహాలరావు మాస్టారు తన జీవితంలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఈ సంగతి మా అందరికీ చెప్పింది ఆయనే కాబట్టి అనుమానించే పని లేదు. పాచిపెంట దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టి, గూడెం కొత్తవీధిలో మొదటి ఉద్యోగం చేసి, అరకు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతూ రిటైరైన మనిషి. ముప్పై మూడేళ్ళు ఎదుటివాళ్ళ తప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. చుట్టగా చుట్టగా, తప్పు అనేది చిన్నపిల్లలకి వచ్చే ఆటలమ్మ లాంటిదని, పెద్దయ్యాక రాదని ఆయనకి గట్టి నమ్మకం కుదిరిపోయింది.

ఆయన భార్య చిన్నమ్మలు పెళ్ళయి అరకు వచ్చిన కొత్తలో ఒకే ఒక్క కోరిక కోరింది. బొర్రా గుహలు చూడాలని. దేశం నలుమూలల నుంచి జనం రైళ్ళెక్కి వచ్చి చూసిపోయే గుహలు వాళ్ళింటికి గంటన్నర దూరంలో ఉన్నాయి. మాస్టారు నవ్వి, "బస్సులో వేలాడుతూ వెళ్ళి చూడడానికి అదేమైనా సంతా? మన సొంత కారులో దర్జాగా వెళ్దాం" అన్నారు. అప్పటికి ఆయనకున్నది సైకిలు. ఆ తర్వాత స్కూటరు వచ్చింది, స్కూటరు మీద ఘాట్ రోడ్డు ప్రమాదమన్నారు. అలా రిటైరయ్యేదాకా పాతికేళ్ళు మాస్టారు చిన్నమ్మలు ప్రాణాన్ని భద్రంగా కాపాడుకొచ్చారు.

పక్కింటి సంతోషమ్మ మిషన్ స్కూల్లో టీచరు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా బొర్రా తీసుకెళ్ళి, ఆ మెట్లు ఎక్కీ దిగీ విసిగిపోయిన మనిషి. ఒకసారి అక్కడి దుకాణంలో ఒక బిళ్ళ కొనుక్కొచ్చింది. ముందు వైపు గుహ బొమ్మ, వెనక అయస్కాంతం, ఫ్రిజ్జుకి అంటించుకునేది. "నువ్వెలాగూ సూడవు కదా వదినా, ఇదైనా ఎట్టుకో" అని చిన్నమ్మలు చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి చిన్నమ్మలు పాలు తీసినప్పుడల్లా ఫ్రిజ్జు తలుపు మీద బొర్రా చూస్తూనే ఉంది.

రిటైరైన నెలలోనే మాస్టారు కారు కొన్నారు. డెబ్భై ఎనిమిది మోడల్ అంబాసిడర్. ఒక కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల కింద ఎనిమిదేళ్ళుగా నిలబడి ఉంది. మిరియాల తీగ వెనక తలుపు దాకా పాకి, లోపల ఏముందో చూడడానికన్నట్టు అద్దంలోంచి తొంగిచూస్తోంది. ట్రాక్టరుకి కట్టి ఇంటికి లాక్కొచ్చారు. దారిలో సైలెన్సరు ఒకచోట, బంపరు ఒకచోట దిగిపోయాయి. "మూడు నెలల్లో కొత్త కారు చేస్తాను" అని మాస్టారు వీధి మొత్తానికి ప్రకటించారు. మూడు నెలలు కాస్తా ఆరేళ్ళయ్యాయి.

తుప్పు పట్టాలంటే ఇనుము, గాలి, తేమ, మూడూ కావాలని మాస్టారు ముప్పై మూడు బ్యాచీలకి పాఠం చెప్పారు. అరకులో గాలికీ తేమకీ ఏ రోజూ లోటు లేదు. ఇనుము మాస్టారు సమకూర్చారు. రోజూ పొద్దున్నే షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని ఎమరీ కాగితంతో గీకేవారు. పైన వేలెడు మచ్చ కనిపించేది. గీకితే అరచేయంత అయ్యేది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే స్క్రూడ్రైవరు లోపలికి పోయేది.

వెల్డింగు షాపు సోములు వచ్చి చూశాడు. సోములు మాస్టారి దగ్గరే చదివి, మాస్టారి చేతుల మీదుగానే పదో తరగతిలో తప్పినవాడు. ఇప్పుడు నలభై దాటింది. రేకు మీద వేళ్ళతో కొట్టి చూసి, "ఇది గీకితే పోయేది కాదండి మాస్టారూ. బాగున్న రేకు తగిలేదాకా కోసీసి, కొత్తది అతకాల" అన్నాడు.

"తుప్పు గురించి నాకు చెప్పకు. నీకు ఆ పాఠం చెప్పిందే నేను" అన్నారు మాస్టారు.

"పాటం మీరే సెప్పారండి. ఆ సంగతి తుప్పుకి తెలీదు కదండి" అన్నాడు సోములు.

ఎలాగైతేనేం, కుడి పక్క పని శాస్త్రోక్తంగానే జరిగింది. డ్రైవరు సీటు కింద ఫ్లోరు మొత్తం కోశారు. మందపాటి కొత్త రేకు తెచ్చి, వంచి, అంగుళం అంగుళం సోములు చేత వెల్డింగు పెట్టించి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేయించారు. ఒక వానాకాలం అంతా దానికే సరిపోయింది. మాస్టారు దాని మీద నిలబడి రెండు కాళ్ళతో గెంతి మరీ చూసుకున్నారు.

ఎడమ పక్కకి వచ్చేసరికి సోములుకి తీరిక లేకుండా పోయింది. కొండ మీద కొత్తగా వెలిసిన రిసార్టులన్నిటికీ ఒకేసారి గుండెకాయలు కావలసి వచ్చాయి. టూరిస్టు జంటలు నిలబడి ఫోటో దిగడానికి మనిషెత్తు ఇనప గుండెకాయలు. లోయ అందం చాలక, దాని ముందు గుండెకాయ ఉంటే తప్ప ఎవరికీ నచ్చడం లేదట. "ఈ గుండెలవ్వనీండి మాస్టారూ, నెల్లాళ్ళు ఆగండి. వచ్చి సేసెత్తాను" అన్నాడు సోములు.

మాస్టారు ఆగలేకపోయారు. వచ్చే పెళ్ళిరోజుకి కారులో బొర్రా వెళ్తున్నామని రిటైర్డు టీచర్ల మీటింగులో అప్పటికే చెప్పేసుకున్నారు. చెప్పిన మాట తప్పడం మహా పాపం. అందుకని ఎడమ పక్క పుచ్చిపోయిన ఫ్లోరు మీద కాఫీ గింజల గోనెపట్టా పరిచి, దాని మీద నాలుగు డబ్బాల పుట్టీ మెత్తారు. ఆరాక నున్నగా రుద్దారు. కింద తారు, పైన నల్ల రంగు పూశారు. అన్నిటి మీదా కొత్త రబ్బరు మ్యాటు. చేయి తిరిగింది కదా అని తలుపుల అడుగున, మడ్‌గార్డుల మీద, ఎక్కడ కన్నముంటే అక్కడ అదే వైద్యం చేశారు. ఆ పైన మీగడ రంగు పెయింటు పడేసరికి కారు పెళ్ళికొడుకైపోయింది. ఎడమ సీటులో కూర్చోబోయేది ఎవరో ఆయనకి ఆ హడావుడిలో తోచలేదని రాస్తే నాకూ హాయిగా ఉండేది. తోచింది. ఆ ముక్క తర్వాత ఆయన నోటితోనే విన్నాం.

పెళ్ళిరోజు వచ్చింది. వాకిట్లో చిన్నమ్మలు పెద్ద ముగ్గు పెట్టింది. మాస్టారు కారుని షెడ్డులోంచి తీసి సరిగ్గా ఆ ముగ్గు మీద నిలబెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద బంతిపూల దండ. సంతోషమ్మ సాగనంపడానికి వచ్చి గేటు దగ్గర నిలబడింది. చిన్నమ్మలు జరీ చీర కట్టుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని, ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో ఫ్రిజ్జు మీది బిళ్ళ పట్టుకుని వచ్చింది. దాని పుట్టిల్లు దానికి చూపిద్దామని ముచ్చటపడిందట.

తన పక్క తలుపు తీస్తూ, చేయి ఖాళీ చేసుకోవడానికి బిళ్ళని తలుపు కింది భాగాన అంటించబోయింది. అది జారి కింద పడింది. తుడిచి మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఫ్రిజ్జు నుంచి తీసిన మీదట దాని పని అయిపోయిందేమోననుకుని బానెట్టుకి పెట్టి చూసింది. అక్కడ టక్కున పట్టుకుంది. మడ్‌గార్డు మీద పెడితే పడింది.

మాస్టారి ట్యూషన్లు ముప్పై ఏళ్ళు ఆ వరండాలోనే జరిగాయి. అయస్కాంతం ఇనుముకే అంటుకుంటుందన్న సంగతి చిన్నమ్మలు వంటింట్లో కూరలు తరుగుతూనే నేర్చుకుంది, ఫీజు కట్టకుండా.  వంగి తన సీటు ముందున్న మ్యాటు ఎత్తి బిళ్ళని ఫ్లోరుకి ఆనించి లాగింది. పుస్తకం అట్ట మీద లాగినట్టు వచ్చేసింది. చేయి చాచి డ్రైవరు పక్క మ్యాటు ఎత్తి అక్కడ పెట్టింది. ఊడదియ్యడానికి గోరు పెట్టాల్సి వచ్చింది.

"మీ పక్క అంటుకుంది. నా పక్క అంటుకోలేదు. ఏటండీ ఇది?" అంది.

"అది... అయస్కాంత బలం దూరాన్ని బట్టి తగ్గుతుంది. పెయింటు మందం, మధ్యలో పుట్టీ..." మాస్టారు బోర్డు దగ్గర నిలబడ్డట్టే మొదలుపెట్టారు.

చిన్నమ్మలు ఆ పాఠం పూర్తిగా వినలేదు. గొడుగు తిరగేసి, మొన మ్యాటు కింద ఆనించి గట్టిగా నొక్కింది. పుట్టీ పెచ్చుగా లేచింది. గోనెపట్టా కనిపించింది, దాని మీద కాఫీ తోట పేరు సగం అక్షరాలతో సహా. ఇంకాస్త నొక్కేసరికి గొడుగు కిందికి దిగిపోయింది. ఆ కన్నంలోంచి పొద్దున్న తను పెట్టిన ముగ్గు కనబడుతోంది.

ఆవిడ గొడుగు లాక్కుంది. బిళ్ళని మాస్టారి చేతిలో పెట్టింది. సంచి భుజాన వేసుకుని గేటు వైపు తిరిగి, "సంతోషమ్మా, బొర్రా ఎల్తన్నాను. వస్తావేటి?" అంది. సంతోషమ్మ చెప్పులు మార్చుకోవడానికి ఇంట్లోకి పరుగెత్తింది.

బస్సులో వెళ్ళి, బొర్రా మలుపు దగ్గర దిగి, అక్కడి నుంచి సర్వీసు జీపు ఎక్కారు. పదిమంది ఎక్కాల్సిన దాంట్లో పంతొమ్మిది మంది, మీద రెండు అరటి గెలలు, ఒక మేకపిల్ల. ఆ జీపుకి ఎవరూ ఏ రోజూ పుట్టీ పెట్టిన పాపాన పోలేదు. నేల మీద కన్నాలు కన్నాలుగానే ఉన్నాయి, రోడ్డు కింద పరుగెత్తడం కనిపిస్తోంది. డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ కన్నం కాడ కాలెట్టకండి, ఇటేపు ఎట్టుకోండి" అన్నాడు. అంతదాకా బిగబట్టుకున్న చిన్నమ్మలుకి అక్కడ ఏడుపు వచ్చింది. సంతోషమ్మ కారణం అడగకుండా కొంగు అందించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కారు ముగ్గు మీదే ఉంది. దాని నిండా ఎర్ర సున్నాలు. మాస్టారు ఇంట్లో మిగిలిన ఎర్ర సుద్దముక్క వెతికి, బిళ్ళ పట్టుకుని కారంతా తిరిగి, అది పడిపోయిన ప్రతిచోటా సున్నా చుట్టారు. ఇరవై మూడు. అన్నిటికంటే పెద్దది ఎడమ పక్క ఫ్లోరు మీద ఉంది. పొద్దున్నుంచి అన్నం తిన్నట్టు లేదు, చేతుల నిండా సుద్ద పొడి.

"తెలిసే చేశాను" అన్నారు మాస్టారు. ఆ మనిషి నోట అలాంటి వాక్యం రావడం అదే మొదటిసారి. "నేను రోజూ నడుపుతాను, నా పక్క గట్టిగా ఉండాలనుకున్నాను. నువ్వు ఒక్కసారే కదా ఎక్కుతావు, బొర్రాకి, ఆ ఒక్కసారికీ ఆగుతుందిలే అనుకున్నాను."

"పడిపోడానికి ఒక్కసారి సాలండి" అంది చిన్నమ్మలు.

తర్వాత ఆవిడే పొయ్యి వెలిగించి ఇద్దరికీ ఉప్మా చేసింది. బొర్రా ఎలా ఉందని ఆయన అడగలేదు. ఆవిడే ప్లేటు పెడుతూ చెప్పింది. "పైన సూత్తే నిండు కొండ. మీద రైలు కూడా పోతంది. లోపలికెల్తే అంతా బోలు. దానికోసం ముప్పై ఒక్క ఏళ్ళు ఆగానన్నమాట."

మర్నాడు మాస్టారు ఉలి, సుత్తి పట్టుకుని ఎడమ పక్క కూర్చున్నారు. గోనెపట్టా పీకారు, మీగడ రంగు ఊడ్చారు, బాగున్న రేకు తగిలేదాకా వెళ్ళారు. ముందు భాగం తుప్పు అందడం లేదని ఇంజిను కూడా దించేశారు. చూసినవాళ్ళు ఆయనకి మతి చలించిందన్నారు. రిటైర్డు టీచర్ల మీటింగులో కారు సంగతి అడిగితే, "పుట్టీ పెట్టి మోసం చేశాను, మళ్ళీ మొదలెట్టాను" అని చెప్పారట.  కొండ మీది గుండెకాయలన్నీ అయ్యాక సోములు వచ్చాడు. ఈసారి మాస్టారు పాఠం చెప్పలేదు. రేకు పట్టుకోమంటే పట్టుకున్నారు, వదలమంటే వదిలారు.

పది నెలలకి ఎడమ ఫ్లోరు పూర్తయింది. రంగు లేదు, సీటు ఒక్కటే బిగించారు, ఇంజిను ఇంకా షెడ్డు మూలనే గోనె కప్పుకుని ఉంది. మాస్టారు బిళ్ళ తెచ్చి చిన్నమ్మలుకి ఇచ్చి పక్కకి జరిగారు. ఆవిడ మొహమాటపడలేదు. మూలమూలనా పెట్టి చూసింది, ఊడదీసి మళ్ళీ పెట్టి చూసింది. అన్నిచోట్లా గోరు పెట్టాల్సి వచ్చింది. చెప్పులు విడిచి, కారెక్కి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు చుట్టూ తిరిగి వచ్చి తన పక్క కూర్చున్నారు. స్టీరింగు మీద చేతులు వేసి ముందుకే చూస్తున్నారు. బయట మంచు దిగుతోంది. కారు కదిలే ఆశ ఇంకో ఏడాది దాకా లేదని ఇద్దరికీ తెలుసు. చిన్నమ్మలు మాత్రం రెండు కాళ్ళూ ఆ రేకు మీద పూర్తిగా ఆనించి కూర్చుంది.