ఆంప్లిఫయర్ మీద రొట్టె

మూడు శుక్రవారాల సెలవుల కూసొని, రెండు చిప్పులు కాల్చుకొని, ఖర్జూరం డబ్బాల క్లాస్-డి అనే కొత్త రకం ఆంప్లిఫయర్ బిగించిన. ఇయ్యాల గల్ఫుల, సల్మాబాద్ లేబర్ క్యాంపుల, మా రూంల ఆన్ చేసిన.

పాత ఆంప్లిఫయర్ పొయ్యి లెక్క కాలేది. ఆ అలవాటుకొద్ది మా రూమ్మేట్ రాజన్న దీని మీద గూడ రొట్టె పెట్టిండు. కాసేపటికి ముట్టుకొని చూసి, "నీ మిషన్ ఖలాస్ తమ్మీ, రొట్టె సల్లగనే ఉన్నది" అన్నడు.

"ఇది వేడెక్కదన్నా, కరెంటంత సౌండుకే పోతది" అన్న. నమ్మలె.

ఆయన భార్య మాట్లాడి పంపిన కేసెట్ పెట్టిన. పాత దాంట్ల ఎన్నోసార్లు విన్నదే. ఉన్నట్టుండి రాజన్న లేచి నిలబడ్డడు.

"అరె, ఆమె మాటల ఎనక నా బిడ్డ ఎక్కాలు సదువుతున్నది! రొట్టె సల్లగనే తింట, మల్ల పెట్టు."

ఇగ మా రూంల రొట్టెలు వేడి చేసుడెట్లనో మీరే చెప్పుండ్రి.