మా బావ తుమ్మిన రోజు

మొన్న నేను తుమ్ముతూ కూర్చుంటే మా కోడలు ఒక పసుపు గోళీ తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని చూడగానే మా మేనత్త కొడుకు గుర్తొచ్చాడు. పదేళ్ల కిందట కళింగపట్నంలో మందుల కొట్టు నడిపేవాడు. ముక్కు కారుతూ ఎవరొచ్చినా చీటీ అడక్కుండా ఆ గోళీలే ఇచ్చేవాడు. ఆ రోజుల్లో మా వీధిలో నాలుగిళ్ల ఆడవాళ్లు నెత్తళ్లనే చిన్న చేపల్ని ఇసుక మీద ఒకచోటే ఎండబెట్టి, రోజుకొకరు వంతున కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ కాపలా ఉండేవారు. మా అమ్మ తన వంతు రోజున జలుబని బావ ఇచ్చిన గోళీ మింగి, పడవ నీడన కూర్చున్నదల్లా నిద్రపోయింది. లేచేసరికి తలలూ తోకలే మిగిలాయి. "తాగి తొంగున్నాది" అన్నారు, కల్లు వాసనే పడని మనిషిని! వంతు తీసేశారు. ముప్పై ఏళ్లు వాళ్లతో కలిసి కూర్చున్న అమ్మ తన చేపలు పెరట్లో ఒంటరిగా ఎండబెట్టుకుంది.

నేను శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసినా నేను అట్టలూడిన పుస్తకాన్నే నమ్మేవాణ్ణి. ఆరోగ్యం బీరువాలో దొరికింది. మామూలు జలుబును ఏ గోళీ కుదర్చదట, దానంతటదే పోవాలట. ఈ రకం గోళీలు కాసేపు ముక్కు ఆరబెడితే పెట్టొచ్చు గానీ మత్తు తెస్తాయట. పుస్తకం తీసుకెళ్లి కొట్టు బల్ల మీద పెట్టి, ఈ మాట నలుగురిలో చెప్పమన్నాను. బావ నవ్వాడు.

"ఏటిరా, ఏడో కలాసు తప్పినోడివి, డాట్రువైపోనావేటి? మీయమ్మ తొంగుంటే నా గోళీనంటావేటి?"

ఏడో తరగతి మాట నిజమే. అందుకే క్షమించలేదు. ఆ మనిషికి జలుబు చేసే రోజు కోసం రోజూ కొట్టు ముందునుంచే నడిచాను. కార్తీకంలో ఓ ఉదయం లోపల్నించి తుమ్ము వినిపించింది. నా చెవులకు అది సన్నాయి. పరుగున వెళ్లి, ఆ మూడిళ్ల ఆడవాళ్లనూ బతిమాలి వెంటబెట్టుకొచ్చి గుమ్మం పక్కన నిలబెట్టాను. బావ శొంఠి కషాయం ఊదుకుంటూ తాగుతున్నాడు.

"ఏటి బావా, నీ గోళీ నువ్వేసుకోవేటి?"

"ఏసుకుంటే నిద్దరొచ్చేస్తాది. కొట్టెవుడు సూస్తాడ్రా?"

వాళ్లలో పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. "మరి మా సేపలెవుడు సూస్తాడనుకున్నావు బాబూ?"

మర్నాడు వంతు అమ్మకే ఇచ్చారు. నాకది చాల్లేదు. కొట్టుకొచ్చే ప్రతివాళ్లూ "నిద్దరొస్తాదా బాబూ?" అని అడిగేలా ఇల్లిల్లూ తిరిగి నేర్పాను. బావ ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురుపడి పలకరిస్తాడు, నేనూ నవ్వుతాను. అన్నిటికీ కాలమే మందు అంటారు. పదేళ్లుగా వాడుతున్నాను, నాకైతే పనిచెయ్యలేదు.